బిల్లులో ఆఖరి గడి: బాకీయా, బకాయియా, నిల్వయా?

నల్లగొండలో బిల్లు పుస్తకాలు అచ్చువేసే మిత్రుడొకరి ప్రశ్నతో ఈ చర్చ మొదలైంది. ఒక ఎరువుల దుకాణం వారు బిల్లు పుస్తకమంతా తెలుగులోనే కావాలన్నారట. సరుకు, ధర, మొత్తం, జమ వరకు ఇబ్బంది లేకుండా సాగిన పని ‘బ్యాలెన్స్’ అనే ఆఖరి గడి దగ్గర ఆగింది. ఇంతవరకు మన చర్చా బృందం సభ్యులు నిల్వ, శేషం, మిగులు, బకాయి, డబ్బు తరువాత ఇచ్చేలా సరుకు తెచ్చుకోవడాన్ని చెప్పే ఉద్దెర అనే మాటలను సూచించారు. ఇవన్నీ వాడుకలో ఉన్న మంచి మాటలే గాని, ఆ గడికి అతికేది బాకీ ఒక్కటేనని నా అభిప్రాయం.

చిక్కంతా ‘బ్యాలెన్స్’ అనే మాటలోనే ఉంది. మనకు ఉన్నదానికీ, మనం ఇవ్వవలసినదానికీ అది ఒక్కటే పేరు. తెలుగు లెక్కల్లో ఈ రెండూ ఎన్నడూ కలిసిపోలేదు. పాసుపుస్తకంలో నిల్వ 1,860 రూపాయలు అని ఉంటే ఆ సొమ్ము ఖాతాదారుడిది. ఎరువుల బిల్లులో మొత్తం 4,860, జమ 3,000 అని రాసి, కింద 1,860 వేస్తే ఆ సొమ్ము దుకాణదారుడికి చేరవలసినది. ఈ రెండో చోట నిల్వ అని అచ్చువేస్తే, రైతు తన డబ్బే దుకాణంలో దాచి ఉందని అనుకున్నా తప్పుపట్టలేము. పాత పద్దు పుస్తకాల్లో కనిపించే సిలుకు కూడా నిల్వ వైపు మాటే; రోజు లెక్క ముగిశాక చేతిలో మిగిలిన రొక్కానికి ఆ పేరు. మిగులు అంటే బడ్జెటు వార్తలు చదివేవారికి ఖర్చు పోను ఉన్న లాభం స్ఫురిస్తుంది. శేషం భాగహారానికి బాగుంటుంది. దుకాణంలో దాన్ని పలికేవారు లేరు.

బాకీ అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చిన మాట. మిగిలి ఉన్నది అని దాని అర్థం. పరాయి మాట గనుక వద్దని ఒకరు రాశారు. ఆ లెక్కన ఆ బిల్లులో వారికి అభ్యంతరం లేని జమ కూడా అరబ్బీదే. పోగుచేయడం అనే దాని మూలార్థం మన వాడుకలో ఇంకా బతికే ఉంది. పాలమూరులో ‘జనం జమైండ్రు’ అన్నప్పుడు వినిపించేది ఆ అర్థమే. మొగలాయీల నాటి శిస్తు లెక్కల్లో ‘జమా వాసిల్ బాకీ’ అని ఒక పట్టిక ఉండేది. రావలసినదెంత, వచ్చినదెంత, ఇంకా నిలిచినదెంత అన్న మూడు ప్రశ్నలకు అది జవాబు. నేడు పంచాయతీలు, మున్సిపాలిటీలు డీసీబీ పేరుతో తయారుచేసే డిమాండు, కలెక్షన్, బ్యాలెన్స్ పట్టిక అడిగేదీ సరిగ్గా ఆ మూడే. అంటే మిత్రుడి బిల్లులో మొత్తం, జమ, బ్యాలెన్స్ అనే మూడు గళ్లకు పేర్లు ఏనాడో స్థిరపడి ఉన్నాయి. జమ అర్థం మాత్రం పక్కకు జరిగింది: శిస్తు లెక్కలో రావలసిన మొత్తానికి పేరుగా ఉన్న ఆ మాట, దుకాణం లెక్కకు వచ్చేసరికి ముట్టిన సొమ్ముకు పేరైంది.

బాకీ, బకాయి ఒకటే కదా అన్న ప్రశ్నకు కొంత ఓపికగా జవాబు చెప్పాలి. రెండింటి ధాతువు ఒకటే. బకాయి అరబ్బీలో బహువచన రూపమైన బకాయా నుంచి వచ్చింది. తెలుగులో మాత్రం వాటి దారులు వేరయ్యాయి. ఈ రోజు సరుకు తీసుకొని సగం డబ్బు కట్టినవాడికి మిగతా సగం ఆ నిమిషం నుంచే బాకీ, గడువు ఇంకా నెల ఉన్నా సరే. బకాయి అనాలంటే గడువు దాటి ఉండాలి. సాధారణంగా అది విడతల వారీగా కట్టవలసినదై, ఏదో ఒక సంస్థతో ముడిపడినదై ఉంటుంది. ఇంటి పన్ను బకాయి, నల్లా బిల్లు బకాయి అంటాము. ఉద్యోగులు కరవు భత్యం బకాయిలు అడిగినప్పుడు బాకీపడినది ప్రభుత్వమే. పక్కింటివారికి ఇవ్వవలసిన రెండు వందలను మాత్రం ఎవరూ బకాయి అనరు. జగడంలో ‘నీకేమన్న బాకీ పడ్డనా?’ అంటారే తప్ప ‘బకాయి పడ్డనా’ అనరు. మనిషికీ మనిషికీ మధ్య లెక్క బాకీయే. కనుక అప్పుడే రాసి ఇచ్చే బిల్లు మీద బకాయి అని అచ్చువేస్తే, కొనుగోలుదారు అప్పటికే ఆలస్యం చేశాడన్న నింద అందులో చేరుతుంది.

ఉద్దెరను సూచించినవారు మన ప్రాంతపు మాట పెట్టాలన్న మంచి ఉద్దేశంతోనే సూచించారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కిరాణం దుకాణం ముందు దీనికి మించిన మాట లేదు. అయితే ఉద్దెర అనేది బేరం తీరుకు పేరు, సొమ్ముకు కాదు. సరుకు ఉద్దెర తెస్తాము, ఉద్దెర పెడతాము. ఆ ఉద్దెర వల్ల మన పేరు మీద నిలిచేది బాకీ. ఉద్దెరకు దగ్గరి మాటైన హిందీ, ఉర్దూల్లోని ఉధార్‌కు మూలం సంస్కృత ఉద్ధార శబ్దం. పైకి తీయడం, గట్టెక్కించడం అనే అర్థాలతో పాటు, వడ్డీ లేని అప్పు అనే అర్థాన్ని కూడా నిఘంటువులు ఆ శబ్దానికి ఇస్తాయి. నెలాఖరు దాకా వడ్డీ అడగకుండా ఉప్పు, పప్పు ఇచ్చే దుకాణదారుడి ఉద్దెరకు అది చక్కగా సరిపోతుంది. ఇంటికీ ఇంటికీ మధ్య నడిచేది బదులు; గిద్దెడు నూనె బదులు తెస్తే నూనెగానే తిరిగి ఇస్తాము. అదే డబ్బయితే చేబదులు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెతలోని ఎరువు, అంటే అరువు, పెట్టుకొని తిరిగి ఇచ్చేసే నగల వంటి వాటి మీద పుట్టిన మాట. ఎరువుల దుకాణం బిల్లు మీద దాన్ని వాడితే ఎంత గందరగోళమో చెప్పనక్కరలేదు.

మార్కెట్ యార్డుల వాడుకను కూడా చూడవచ్చు. సూర్యాపేటలో గాని, బాదేపల్లిలో గాని రైతు చేతికి వచ్చే తక్‌పట్టీ అనే అమ్మకపు చీటీలో తూకం, ధరలతో పాటు హమాలీ వంటి కోతలు ఉంటాయి. పంటను కమిషన్ మీద అమ్మిపెట్టే అడ్తిదారు వద్ద ముందుగా డబ్బు తీసుకున్న రైతు ఆ చీటీ చూసి ‘పాత బాకీ ఎంత పట్టుకున్నరు?’ అని అడుగుతాడు. పాలమూరు నుంచి, కూలీలను పనులకు తీసుకుపోయే గుంపుమేస్త్రీల వెంట వలసపోయిన కుటుంబాలు ముందు తీసుకున్న డబ్బు పనిలో తీరకపోతే, మిగిలినదాన్ని కూడా బాకీ అనే అన్నారు. ఆ బాకీ మరుసటి ఏడు మళ్లీ అదే మేస్త్రీ వెంట నడిపించేది. ఇంతమంది లెక్కలు మోసిన మాటకు బదులుగా శేషం అనే బడిమాట తేవడం నాకు నచ్చలేదు.

చట్టం వైపు నుంచి ఒక సంగతి ఆ దుకాణదారుడికి పనికివస్తుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, గడువు ఏదీ అనుకోకుండా ఉద్దెరకు ఇచ్చిన సరుకు ధర కోసం, సరుకు అప్పగించిన నాటి నుంచి 3 సంవత్సరాలలోపు దావా వేయాలి. ఆ లోపల బాకీదారు ‘ఇంత బాకీ ఉన్నాను’ అని రాసి సంతకం చేస్తే, 18వ సెక్షను కింద గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. కాబట్టి ఆ గడి పేరు సంతకం పెట్టే మనిషికి అనుమానం లేకుండా తెలియాలి. నిల్వ ఇంత అన్న కాగితం మీద సంతకం తీసుకుంటే అది ఏ వైపు సొమ్మో వాదించుకోవలసి వస్తుంది.

నా సూచన ఇది: మొదట ‘పాత బాకీ’, తరువాత ‘ఈ బిల్లు’, ఆ తరువాత ‘మొత్తం’, ‘జమ’, చివరగా ‘బాకీ’ అని అయిదు గళ్లు వేయండి. గడువు తేదీ రాయడానికి పక్కన చోటు ఉంచితే, ఆ తేదీ దాటాక పంపే చీటీలో మాత్రం బకాయి అనవచ్చు. లెక్క పూర్తిగా తీరిన రోజున వేయడానికి ముద్ర కూడా అడిగారు గనుక, దాని మీద ‘చెల్లు’ అని రెండక్షరాలు చాలు.