మిర్చి ల్యాబ్ నుంచి అరకు కాఫీకి: ముగ్గురమూ వెళ్లాలా, నేనొక్కడినేనా?

కొరిటెపాడు_వాసి
నమస్కారం. గుంటూరులో మిర్చి ఎగుమతుల ల్యాబులో పని. తేమ, రంగు, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల చేరే విషం) చూడటం. చేతికి 38 వేలు. అరకులో ఒక కాఫీ ప్రాసెసింగ్ యూనిట్ వాళ్లు నాణ్యత విభాగానికి 56 వేలకు పిలిచారు, జూలై 1న చేరమంటున్నారు. మా ఆవిడ ఇక్కడే ప్రైవేటు బడిలో టీచరు, 16 వేలు. పాప మూడో తరగతి. ముగ్గురం మకాం మార్చాలా, నేనొక్కడినే వస్తూ పోతూ ఉండాలా, అసలు వద్దనుకోవాలా? "చల్లగా ఉంటుంది, పో" అన్న సలహా ఇంట్లో ఇప్పటికే బోలెడుంది. అది తప్ప ఏదైనా చెప్పండి.

బ్రాడీపేట_4_14
"వస్తూ పోతూ" అన్నమాట ముందు కొట్టేయండి. గుంటూరు నుంచి సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విశాఖకు దగ్గర దగ్గర ఎనిమిది గంటలు. అక్కణ్నుంచి అరకు 115 కిలోమీటర్లు, ఘాట్ మీద బస్సుకు మూడున్నర, నాలుగు గంటలు. కిరండూల్ పాసింజరు పొద్దున్నే పోతుంది, మీరు దిగేసరికి అది ఉండదు. మొత్తం పన్నెండు గంటలు, అదీ ఒక వైపుకే. ఆదివారం ఒక్కటే సెలవైతే ఇంటి గడప తొక్కి వెనక్కి తిరగడమే. శుక్రవారం సాయంత్రం దిగి, విశాఖలో రాత్రి బండి పట్టుకుంటే శనివారం పొద్దున ఇంట్లో ఉంటారు. కాబట్టి శనివారం కూడా సెలవు దొరికిన వారమే ప్రయాణం. నెలకోసారి దొరికితే గొప్ప.

ఇక డబ్బు. పెంపు 18 వేలు. అక్కడ అద్దె 7, తిండి 5, ప్రయాణం 2 వేసుకోండి. మిగిలేది 4 వేలు. ముగ్గురూ వెళ్తే గుంటూరు అద్దె మిగులుతుంది గానీ మీ ఆవిడ 16 వేలు పోతాయి. జీతం చూసి వెళ్లే ఉద్యోగం కాదిది.

అనంతగిరి_ఘాట్
అన్నా, దూరం లెక్క సరే, పంట లెక్క ఎవరూ చూడట్లేదు. అరకులో కాఫీ పండు కోత నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కోసిన రోజే తొక్క తీసే పల్పర్‌లో వేయాలి, రాత్రంతా కుప్పలో ఉంటే పండు వేడెక్కి పులుస్తుంది. పల్ప్ చేశాక తొట్టిలో జిగురు విడవడానికి ఒక రోజు, చలి ఎక్కువైతే ఒకటిన్నర రోజు. వేళ్లతో రుద్దితే గరుకుగా తగలాలి, అప్పుడే కడగాలి. అరపూట ఆలస్యమైతే పులిసిన వాసన గింజలోకి దిగుతుంది. ఆ ఒక్క తొట్టి గింజ మంచి లాటులో కలిసిందంటే లాటంతా పోయినట్టే. ఆదివారం ఉంది కదా అని తొట్టి ఆగదు.

ఎండబెట్టడం మీకు కొత్త కాదు, కానీ మిర్చి కల్లంలా ఉండదు. పార్చ్‌మెంటు (లోపలి పొర తీయని గింజ) బల్లల మీద రెండంగుళాల మందం మించకుండా పరిచి, ఎండ ఉన్నంతసేపూ గంటకోసారి తిరగేయాలి. నాలుగు దాటగానే టార్పాలిన్ కప్పాలి. పొద్దున మంచు తొమ్మిదింటి దాకా వదలదు, అప్పటిదాకా తీయకూడదు. కప్పడం మరిస్తే పగలు లాగిన తేమ రాత్రికి మళ్లీ గింజలోకి ఎక్కుతుంది. 11 శాతానికి రావడానికి వారం నుంచి పది రోజులు. మీ దగ్గరున్న తేమ మీటరు మిర్చికి సరిచేసిందైతే కాఫీకి పనికిరాదు. మొదటి వారమే ఓవెన్ పద్ధతితో పోల్చి చూసుకోండి.

దీని అర్థం ఏమిటంటే సంక్రాంతి సరిగ్గా కోత నడుమ పడుతుంది. మొదటి ఏడాది పండక్కి ఇంటికి రావడం మర్చిపోండి.

కొరిటెపాడు_వాసి
సంక్రాంతి సంగతి ఎవరూ చెప్పలేదండీ. రుచి చూడటం మాత్రం నాకు రాదు, కప్పింగ్ నేర్పిస్తామన్నారు.

అనంతగిరి_ఘాట్
నేర్పిస్తామంటే ఎక్కడ, ఎవరి ఖర్చుతో అని అడగండి తమ్ముడూ. బెంగళూరులో కాఫీ బోర్డు నాణ్యత మీద ఏడాది పీజీ డిప్లొమా నడుపుతుంది, చిన్న శిక్షణలూ ఉన్నాయి. ఆ కాగితం లేకపోతే ల్యాబులో తేమ చూసే మనిషిగానే మిగిలిపోతారు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక కొనేవాళ్లు ఏ ఊరి పండు, ఏ రోజు కోత అని అడుగుతున్నారు. నాణ్యత మనిషికి విలువ ఉంది, కానీ అది రుచి చెప్పగలిగేవాడికి.

లక్ష్మీపురం_సెటిలర్
అసలు వద్దనేది నా మాట. రెండేళ్లు పోయాక "ఇక్కడే వంద గజాలు తీసుకుందాం" అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. అది ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం. 1959 భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ, జనం 1/70 అంటారు. గిరిజనేతరుడు గిరిజనుడి దగ్గర కొనలేడు సరే, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా కొనలేడు. అమ్మకమే కాదు, లీజు, తనఖా, దానం అన్నీ బదలాయింపే. "పదేళ్ల లీజు రాసిస్తాం, హోమ్‌స్టే పెట్టుకో" అనేవాడు దొరుకుతాడు. ఆ కాగితం చెల్లదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు తర్వాత ప్రభుత్వం కూడా అక్కడి భూమి ప్రైవేటు గనుల కంపెనీకి లీజుకిచ్చే దారి లేదు. ఇంక మీరెంత?

మొగల్రాజపురం
కొనలేకపోవడం ఉద్యోగానికి అడ్డెలా అయిందండీ? ఇల్లు గుంటూరులోనే కొనుక్కుంటారు. ఆ చట్టం లేకపోతే ఈపాటికి అరకు చుట్టూ వెంచర్ల రాళ్లు పాతేసి ఉండేవాళ్లం, మనవాళ్లే. జీతానికి వెళ్లేవాడికి కంపెనీ క్వార్టర్ ఇస్తారా అన్నదే ప్రశ్న. కొనేవాళ్లు లేక కట్టేవాళ్లూ తక్కువ, అందుకే అద్దె ఇళ్లు తక్కువ. ఉన్నవాటిని టూరిస్టులకు రోజు లెక్కన ఇస్తే ఎక్కువ వస్తుంది, సీజన్లో ఖాళీ చేయమంటారు. క్వార్టర్ ఇస్తామని ఆఫర్ లెటర్లో రాయించుకోండి.

స్టాఫ్‌నర్స్_మంగళగిరి
పాప గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండు విషయాలు.

ఒకటి మలేరియా. ఏజెన్సీలో ఫాల్సిపారం రకం ఉంది, అది రెండు మూడు రోజుల్లో మెదడుకు ఎక్కగలదు. అక్కడ జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష. పారాసిటమాల్ వేసి మూడు రోజులు చూద్దాం అనే గుంటూరు అలవాటు అక్కడ ప్రాణం మీదకు తెస్తుంది. ర్యాపిడ్ కిట్‌తో పావుగంటలో తెలుస్తుంది, పీహెచ్‌సీలో ఉచితం. వైవాక్స్ రకమైతే ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి, అది ఇచ్చే ముందు జీ6పీడీ అనే ఎంజైము పరీక్ష చేయించాలి. జ్వరం తగ్గిందని నాలుగో రోజే మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది. మందు పట్టించిన దోమతెర అందరికీ, వానాకాలంలో రోజూ. పాడేరులో 2024 నుంచి మెడికల్ కాలేజీ నడుస్తోంది, అరకు నుంచి గంటన్నర. అంతకంటే పెద్ద అవసరమైతే విశాఖ కేజీహెచ్చే.

రెండోది చదువు. ఆశ్రమ పాఠశాలలు, ఏకలవ్య గురుకులాలు ప్రధానంగా గిరిజన పిల్లల కోసం. మీకు మిగిలేవి ఒకటి రెండు ప్రైవేటు బళ్లు. డీఎస్సీ లాంటి పోస్టులకు 4 నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, వాటితోనే ఏ జిల్లా లోకలో తేలుతుంది. వచ్చే ఏడు పాప నాలుగులోకి వస్తుంది, అంటే లెక్క సరిగ్గా అక్కడే మొదలు. ఒకటి రెండేళ్లు మారితే కొంప మునగదు గానీ, పదో తరగతితో ముగిసే నాలుగేళ్లు మాత్రం ఒకే చోట ఉంచండి.

మొగల్రాజపురం
జ్వరాలు ఇక్కడ లేవా మేడమ్? బెజవాడలో వానపడితే డెంగీ వార్డులు నిండుతున్నాయి.

స్టాఫ్‌నర్స్_మంగళగిరి
ఉన్నాయండీ. ఇక్కడ ఆటో ఎక్కితే పది నిమిషాల్లో ఐసీయూ. తేడా రోగంలో లేదు, దూరంలో ఉంది.

ఆటోనగర్_వైండింగ్
ఇంటి సంగతులు. చెట్టు కొమ్మ తీగ మీద పడితే కరెంటు పూటల తరబడి రాదు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, 900 వీఏ ఇన్వర్టర్ పెట్టండి. బ్యాటరీలో 1800 వాట్ అవర్లు ఉన్నా, పూర్తిగా దించకుండా, నష్టాలు పోను చేతికొచ్చేది 1200. మూడు లైట్లు, రౌటరు, ఒక ఫ్యాను కలిపి 120 వాట్లయితే పది గంటలు. గీజరు దానిమీద పెట్టకండి.

గీజరుకు వోల్టేజీ ముఖ్యం. 180కి పడిపోతే 2 కిలోవాట్ల గీజరు 1.2కి దిగుతుంది. 15 లీటర్లు కాగడానికి 24 నిమిషాలు పట్టేది 39 అవుతుంది. చలికాలం రాత్రి పది డిగ్రీల లోపుకు పోయే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

వానాకాలం చెమ్మకు తోలు చెప్పులు, సర్టిఫికెట్లు, మిక్సీ మోటారు అన్నీ బూజు పడతాయి. కలరా ఉండలు పురుగుకే, చెమ్మకు పనిచేయవు. బీరువాలో పాతకాలపు 40 వాట్ల బల్బు సాయంత్రం రెండు గంటలు వెలిగించండి, బట్టలకు ఆనకుండా. 900 మీటర్ల ఎత్తులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి, విడిగిన్నెలో పప్పు త్వరగా ఉడకదు, కుక్కరే. డిసెంబరులో పెరుగు తోడుకోదు, ఇడ్లీపిండి పొంగదు. హాట్‌బాక్సులో పెట్టండి.

కొరిటెపాడు_వాసి
ఇంతా విన్నాక ఒక్కడినే వెళ్లడం మేలనిపిస్తోంది. కానీ నవంబరు నుంచి ఫిబ్రవరి నేను రాలేను, జూలై నుంచి అక్టోబరు వానల్లో ఘాట్ మీద రాళ్లు. ఇక కలిసేదెప్పుడు?

అనంతగిరి_ఘాట్
మీరు కిందికి దిగడమే ఆలోచిస్తున్నారు తమ్ముడూ. మార్చి నుంచి మే దాకా యూనిట్లో పని తేలిక, గ్రేడింగు, రవాణా మాత్రమే. బడి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11. గుంటూరు 44 డిగ్రీలు కాస్తున్న రోజులవి. మీ ఆవిడ టీచరు కాబట్టి ఆమెకూ అవే సెలవులు. వాళ్లనే ఏడు వారాలు పైకి తెచ్చుకోండి. దోమలూ వాన తర్వాత ఉన్నంత ఉండవు. మీరు దిగేది దసరాకొకసారి, ఫిబ్రవరి చివర ఒకసారి.

బ్రాడీపేట_4_14
ప్రైవేటు టీచరుకి ఏడు వారాల సెలవా! మే నెలంతా అడ్మిషన్ల క్యాన్వాసింగ్ అని ఇంటింటికీ తిప్పుతారు గుంటూరులో. మే ఒకటి నుంచి ఎన్ని రోజులు వదులుతారో ఆమెను ముందే అడగమనండి. నాలుగు వారాలు వచ్చినా లెక్క పర్లేదు. అయితే నా మొదటి లెక్క మారదు, నెలకు మిగిలేది ఆ నాలుగు వేలే. కాఫీ బోర్డు శిక్షణ వాళ్ల ఖర్చుతో అని కాగితం మీద వస్తే వెళ్లండి, రాకపోతే గుంటూరు యార్డు మీకు చాలు.

కొరిటెపాడు_వాసి
హెచ్‌ఆర్‌కు పంపబోయేవి: క్వార్టర్, శిక్షణ ఖర్చు, కోత నెలల్లో పోయిన ఆదివారాలకు మార్చిలో బదులు సెలవు. ఇంకేమైనా?

ఆటోనగర్_వైండింగ్
జూలై 1 చేరిక అంటే వానలో సామాను. లారీ మాట్లాడకండి. రెండు సంచులు, దోమతెర, దుప్పటితో వెళ్లండి, మంచం అక్కడే కొనండి. ఇన్వర్టర్ బ్యాటరీ విశాఖలో తీసుకోండి, డిస్టిల్డ్ వాటర్ లెవెల్ చూసి కట్టించండి, నిలబెట్టే ఎక్కించాలి. ఘాట్ మలుపుల్లో పక్కకు ఒరిగితే ఆసిడ్ కారి బట్టల సంచి పోతుంది.