తిరుపతిలో ప్రొఫెషనల్ కబడ్డీకి ఇండోర్ స్టేడియం: మన పన్నుల డబ్బు పెట్టొచ్చా?

పాత పీఈటీ, ఎమ్మార్ పల్లి

అందరికీ నమస్కారం. చంద్రగిరి పక్కన ఒక ప్రభుత్వ హైస్కూల్లో ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. పొద్దున పూట యూనివర్సిటీ గ్రౌండ్లో ఏడెనిమిది మందిమి కలిసి నడుస్తాం. పది రోజులుగా మా మధ్య ఒకటే వాదన.

మాలో ఒకాయనకు బస్టాండు దగ్గర లాడ్జి ఉంది. ఆయన ఏమంటారంటే, కార్పొరేషన్, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) కలిసి స్థలమిచ్చి పెద్ద ఏసీ ఇండోర్ స్టేడియం కట్టిస్తే ప్రొ కబడ్డీ టీమ్ ఒకటి తిరుపతికి వస్తుందట. అమెరికాలో టీములకు ఊళ్లే స్టేడియాలు కట్టిస్తాయట, మనకేం తక్కువ అంటారు. ఇది ఎక్కడా కాగితం మీదకు వచ్చిన విషయం కాదు, మా నలుగురి మాటే. కానీ ఏదైనా ఇలా మాటగానే మొదలవుతుంది. శంకుస్థాపన రాయి పడ్డాక అడిగితే వినేవాళ్లుండరు కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను.

నాకు కబడ్డీ అంటే ప్రాణం. మా స్కూల్లో పొద్దున ఆరింటికే పిలకాయలు బకెట్లతో నీళ్లు మోసుకొచ్చి మట్టి తడిపేవాళ్లు. సున్నంతో గీతలు గీసి ఆడించేవాడిని. ఒక ఏడాది మా అమ్మాయిల జట్టు జిల్లా పోటీలకు వెళ్లింది. అక్కడ చూస్తే మ్యాట్! మా పిల్లలు అంతకుముందు దాని మీద కాలు పెట్టి ఎరగరు, ఒక్కరికీ బూట్లు లేవు. మా జట్టులో అందరికన్నా చురుకైన పిల్ల మొదటి కూతకే జారి పడింది. ఆట ఓడిపోయినందుకు నేను బాధపడలేదు. ఆ పిల్ల లేచి, మోకాలు తుడుచుకుంటూ నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

అదే నేను 2024 అక్టోబర్‌లో మనవరాలిని తీసుకుని హైదరాబాద్ వెళ్లి, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో తెలుగు టైటాన్స్ ఆట చూశాను. రైడర్ మధ్య గీత దాటినప్పుడల్లా మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. "తాతా, ఇది మన ఊర్లో ఎందుకు లేదు?" అంది వచ్చేటప్పుడు.

అందుకే నా మనసు రెండు వైపులా లాగుతోంది. అలా కట్టించిన ఊళ్లలో చివరికి ఏమైంది? ఊరికి నిజంగా లాభం వచ్చిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కొర్లగుంట రైడర్

సార్, నమస్తే. నేను కట్టాలనే అంటాను. డిగ్రీలో ఉన్నప్పుడు యూనివర్సిటీ జట్టుకు ఆడాను, ఇప్పుడు రేణిగుంట దగ్గర కంపెనీలో షిఫ్టు డ్యూటీ.

తిరుపతిలో ఏం కట్టినా వచ్చేవాళ్ల కోసమే కడతారు. లాడ్జీలు, క్యూలు, పార్కింగ్, అన్నీ యాత్రికుల కోసమే. తప్పని అనను, ఊరు బతికేది వాళ్ల వల్లే. కానీ ఇక్కడే పుట్టిన మాకంటూ ఏముంది? సాయంత్రం లైట్ల కింద ఆడుకుందామంటే చోటు లేదు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 684 కోట్లతో కట్టుకున్నాం, అందులో ఎక్కువ భాగం టీటీడీ ఇచ్చింది. అనుకుంటే డబ్బు వస్తుంది సార్.

మీరు చూసిన గచ్చిబౌలి హాలు కూడా ప్రభుత్వం కట్టిందే కదా. అది లేకపోతే 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు హైదరాబాద్‌కు వచ్చేవా? ఇంట్లో టీవీలో చూసే పిల్లాడు వేరు, గ్యాలరీలో కూర్చుని చూసే పిల్లాడు వేరు. మీ మనవరాలు చెయ్యి ఎందుకు పట్టుకుందో మీకే తెలుసు.

సియాటిల్‌లో చిత్తూరోడు

సార్, మాది చిత్తూరు గిరింపేట. ఇరవై ఏళ్లకు పైగా సియాటిల్లో ఉన్నాను. మీరడిగింది ఈ ఊరు అనుభవించిన కథే, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

నేను వచ్చిన కొత్తలో ఇక్కడ సూపర్‌సోనిక్స్ అని బాస్కెట్‌బాల్ టీమ్ ఉండేది. 1967 నుంచి ఉంది, 1979లో ఛాంపియన్ అయింది. వాళ్లు ఆడే హాలు సిటీది. 1995లో దాన్ని దాదాపు కొత్తగా కట్టినంత పని చేసి ఇచ్చారు. పదేళ్లు తిరిగేసరికి, ఇది మాకు చాలదు, ప్రజల డబ్బుతో ఇంకొకటి కట్టండి అని ఓనర్లు మొదలుపెట్టారు. 2006లో ఊళ్లో ఓటింగ్ పెట్టారు. ప్రొఫెషనల్ టీముల కోసం సిటీ డబ్బు పెడితే, ప్రభుత్వ బాండ్ల మీద వచ్చేంత రాబడైనా సిటీకి తిరిగి రావాలి, లేకపోతే పెట్టకూడదు. ఇదీ ఓటింగ్‌కు పెట్టిన విషయం. దాదాపు 74 శాతం మంది ఔనన్నారు. అప్పటికే టీమును ఓక్లహోమా వాళ్లు కొనేశారు. 2008లో ఓక్లహోమా సిటీకి తీసుకెళ్లిపోయారు. లీజు ఇంకా రెండేళ్లు ఉండటంతో సిటీకి 45 మిలియన్ డాలర్లు కట్టి వెళ్లారు.

టీమ్ పోయిన రోజున మా ఆఫీసులో ఒక పెద్దాయన నిజంగా ఏడ్చాడు. వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని చిన్నప్పటి నుంచి చూసిన ఆట. ఆ బాధ చిన్నది కాదు. కొర్లగుంట తమ్ముడు చెప్పేది నాకు అర్థమవుతుంది.

మరి లాభం లేకుండా సిటీ డబ్బు పెట్టొద్దని జనం అంత గట్టిగా ఎందుకన్నారంటే, ఒక దెబ్బ అప్పటికే తిని ఉన్నారు. ఇక్కడ కింగ్‌డోమ్ అని పెద్ద స్టేడియం ఉండేది. కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, అప్పు తెచ్చి కట్టి 1976లో తెరిచింది. పైకప్పు రిపేర్లకు మళ్లీ అప్పు. 2000 మార్చిలో దాన్ని పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. అప్పు మాత్రం 2015 దాకా కడుతూనే ఉన్నారు. స్టేడియం మట్టిలో కలిసిన పదిహేనేళ్లకు కూడా జనం వాయిదాలు కట్టారు సార్.

సూపర్‌సోనిక్స్ ఆడిన ఆ పాత హాలునే తర్వాత ప్రైవేటు వాళ్లు వంద కోట్ల డాలర్లకు పైగా సొంతంగా పెట్టి బాగుచేశారు. 1962 నాటి పైకప్పును అలాగే నిలబెట్టి కింద అంతా కొత్తగా కట్టారు. 2021లో తెరిచారు, భవనం మాత్రం సిటీదే. ఊరు కాదంటే కట్టుకోలేరు అన్నది నిజం కాదని అప్పుడు తెలిసింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 2013లో కాలిఫోర్నియాలోని సాక్రమెంటో ఊరి బాస్కెట్‌బాల్ టీమును సియాటిల్‌కు తేవాలని ఇక్కడి డబ్బున్నవాళ్లు ప్రయత్నించారు. ఆ ఊరు దాదాపు 255 మిలియన్ డాలర్లు ఇస్తామని నిలబడి టీమును ఆపుకుంది. ముఖ్యంగా పార్కింగ్ ఆదాయాన్ని చూపించి ఆ డబ్బు తెచ్చారు. ముంబైలో పుట్టిన వివేక్ రణదివే టీమును కొన్నారు, 2016లో కొత్త హాలు తెరిచారు. నడిబొడ్డులో వీధులకు కళ వచ్చింది. వాళ్లు తప్పు చేశారని నేననను. కానీ ఎన్‌బీఏ (ఇక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ సొంత ఊళ్లో ఏడాదికి 41 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది. ఇక ఓక్లహోమా సిటీ 2023లో మళ్లీ ఓటింగ్ పెట్టి, ఒక శాతం అమ్మకం పన్నుతో కనీసం 900 మిలియన్ల హాలు కట్టడానికి ఒప్పుకుంది. అందులో టీమ్ ఓనర్ల వాటా 50 మిలియన్లు! అయినా 71 శాతం మంది సరేనన్నారు. టీమ్ వెళ్లిపోతుందన్న భయం జనం చేత ఏమైనా చేయిస్తుంది.

2017లో షికాగో యూనివర్సిటీ వాళ్లు పేరున్న ఆర్థికవేత్తలను ఈ ప్రశ్నే అడిగారు. ఐదుగురిలో నలుగురికి పైగా, ప్రజలు పెట్టే ఖర్చే వచ్చే లాభం కన్నా ఎక్కువ ఉండొచ్చు అన్నారు. కారణం సులువే. ఆ ఊరివాడు మ్యాచ్‌కు పెట్టే డబ్బు సినిమాకో హోటల్‌కో పెట్టాల్సిన డబ్బే. జేబు మారదు, కొట్టు మారుతుంది.

పద్దుల మనిషి, బైరాగిపట్టెడ

మునిసిపల్ పద్దుల్లో చాలాకాలం పనిచేశాను. ఏ ఊరో చెప్పను.

లాడ్జి ఆయన లెక్క తిరుపతిలో అసలే కుదరదు. సెలవు రోజుల్లో రూములు ఎలాగూ నిండుతాయి. యాత్రికుడు దర్శనం చేసుకుని, తిరుచానూరు, కపిలతీర్థం చూసుకుని రైలెక్కుతాడు. కబడ్డీ మ్యాచ్ ఉందని ఇంకో రాత్రి ఉండడు. మ్యాచ్ చూసేది మనమే, మన డబ్బే.

ఇల్లు అలకగానే పండగ కాదు. కట్టడానికి ఏదో ఒక పథకం కింద డబ్బు వస్తుంది. నడపడానికి మాత్రం ఏ పథకమూ రాదు. అంత పెద్ద ఏసీ హాలుకు హైటెన్షన్ కరెంటు కనెక్షన్ కావాలి. దానికి వాడుకున్న యూనిట్లతో పాటు తీసుకున్న లోడును బట్టి డిమాండ్ ఛార్జీ ఉంటుంది. హాలుకు నెలంతా తాళం వేసి ఉన్నా బిల్లు వస్తుంది. పైన జనరేటర్లు, ఫైర్ పరికరాలు, వాచ్‌మెన్, పైకప్పు. నేను పనిచేసిన చోట ఇంతకన్నా చిన్న హాలు ఒకటి ఉండేది. మొదటి ఏడాది పోటీలు జరిగాయి, రెండో ఏడాది బిల్లులు కట్టలేక పెళ్లిళ్లకు ఇచ్చాం, మూడో ఏడాది చెక్క ఫ్లోరు లేచిపోయింది. ఆ ఫైలు మీద నేనూ సంతకాలు చేశాను, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

టీటీడీ ఇస్తుందిలే అన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. 2023లో టీటీడీ బడ్జెట్లో ఒక శాతం ఊరికి ఇవ్వాలని బోర్డు అనుకుంటే ప్రభుత్వమే ఒప్పుకోలేదు. భక్తులు హుండీలో వేసిన డబ్బును టీము ఓనర్ కోసం అడగడం నాకైతే సబబుగా అనిపించదు కూడా. ఇక మిగిలేది ఇంటిపన్ను. 2021లో ఆస్తి విలువను బట్టి లెక్క మార్చాక ఏటా 15 శాతం దాకా పెరుగుతూ వచ్చింది. 2021 నవంబర్ వానలకు సగం ఊరు నీళ్లలో మునిగింది. వేసవిలో కళ్యాణి డ్యాం అడుగంటితే తెలుగుగంగ వైపు చూస్తాం. కాలవలకు, నీళ్లకు పెట్టాల్సిన డబ్బు కదా అది.

కొర్లగుంట రైడర్

కాలవలు బాగయ్యాకే ఆటలు అంటే నా కొడుకు తరం కూడా అయిపోతుంది సార్. ఎప్పుడు అడిగినా మాది చివరి వరసే. స్టేడియం వద్దంటే సరే, మరి ఏం కావాలో కూడా చెప్పండి.

పాత పీఈటీ, ఎమ్మార్ పల్లి

తమ్ముడూ, నువ్వు అడిగింది న్యాయం. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

అందరూ రాసింది చదివాక కబడ్డీ వైపు నుంచి ఒక లెక్క చూసుకున్నాను. ప్రొ కబడ్డీలో 12 టీములున్నాయి. 2024లో పదకొండో సీజన్ మొత్తం హైదరాబాద్, నోయిడా, పుణె, ఈ మూడు చోట్లే ఆడించారు. 2025లో విశాఖ, జైపూర్, చెన్నై, ఢిల్లీ. అంటే సొంత టీమ్ ఉన్న పట్నా లాంటి ఊరికే ఆ రెండేళ్లూ సొంతగడ్డ మీద ఒక్క మ్యాచ్ లేదు. సాక్రమెంటో వాళ్లు 41 మ్యాచ్‌లను నమ్ముకుని డబ్బు పెట్టారు. మనం దేన్ని నమ్ముకుని పెట్టాలి? మహా అయితే పది రోజుల ఆట, అది కూడా లీగ్ వాళ్లు దయతలిస్తే. ఈ మాట నిన్న పొద్దున లాడ్జి మిత్రుడితో అన్నాను. ఆయన ఆట చూస్తాడు గానీ ఈ విషయం గమనించలేదట. చాలాసేపు మాట్లాడకుండా నడిచాడు.

ప్రైవేటు వాళ్లు సొంత డబ్బుతో కట్టుకుంటామంటే నేనే ముందు చప్పట్లు కొడతాను. ఊరి స్థలం అడిగితే మాత్రం అద్దె ఎంత, ఏడాదికి ఎన్ని రోజులు బడి పిల్లలకు ఇస్తారు, టీమ్ వెళ్లిపోతే కరెంటు బిల్లు ఎవరిది, ఇవన్నీ రాతపూర్వకంగా రావాలి. ఊరి సొమ్ము తీసి టీముకు ఇల్లు కట్టడమంటే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. దానికి నేను ఒప్పుకోను.

కానీ నువ్వన్నట్టు, వద్దు అనేసి ఇంటికి పోతే కుదరదు. నాకు కావాల్సింది మ్యాట్. ప్రతి మండలంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో రేకుల షెడ్డు, కింద మ్యాట్, నాలుగు లైట్లు, పిల్లలకు బూట్లు. ఏసీ వద్దు, గ్యాలరీ వద్దు. సాయంత్రం ఏడున్నర దాకా తాళం తీసి ఉంచే మనిషి ఒకరు. ఆ మనిషి జీతం కూడా అర్జీలో రాస్తాను, పద్దుల మిత్రుడు చెప్పాక అది మర్చిపోను. మా జట్టు అమ్మాయి జారి పడింది స్టేడియం లేక కాదు. నెలకు నాలుగు రోజులైనా మ్యాట్ మీద ఆడి ఉంటే పడేది కాదు.

సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాను. లాడ్జి మిత్రుడు కూడా సంతకం పెడతానన్నాడు. తమ్ముడూ, నీకు ఆదివారం షిఫ్టు లేకపోతే పొద్దున ఆరింటికి మా స్కూలు దగ్గరికి రా. మగపిల్లల కోర్టు 13 మీటర్లకు 10, ఆడపిల్లలది 12కి 8. వేపచెట్టు కొట్టకుండా షెడ్డు ఎక్కడ పడుతుందో ఇద్దరం టేపు పట్టి చూద్దాం. కొలతలు అర్జీలోనే రాసేస్తాను. మనవరాలు కూడా వస్తానంటోంది.