పాత అంబాసిడర్ బ్రేకులకు లోకల్ కిట్టా, కంపెనీ కిట్టా?

కాజీపేట మార్క్2:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1972లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఇంజన్‌తో ఇబ్బంది లేదు కానీ, ఈ మధ్య బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది. వెనక ఎడమ చక్రం డ్రమ్ము దగ్గర ఆయిల్ తడి కూడా కనిపిస్తోంది. మాస్టర్ సిలిండర్‌కూ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది), చక్రాల సిలిండర్లకూ రబ్బరు కిట్లు మార్చాలని మెకానిక్ చెప్పాడు. ఇక్కడ ఆటోనగర్‌లో దొరికే లోకల్ కిట్లకూ, హైదరాబాద్ నుంచి తెప్పించవలసిన పేరున్న కంపెనీ కిట్లకూ ధరలో దాదాపు మూడు రెట్ల తేడా ఉంది. బండిని ఎక్కువగా హన్మకొండ వరకే నడుపుతాను, అప్పుడప్పుడు ములుగు వైపు వెళ్తాను. ఇంత తక్కువ వాడకానికి అంత ఖర్చు పెట్టడం సమంజసమేనా అన్నది నా సందేహం.

పరకాల పద్మిని:
లోకల్ కిట్టే వేయించండి, మిగిలిన డబ్బుతో మంచి బ్రేక్ ఆయిల్ కొనండి. ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. మా ప్రీమియర్ పద్మిని కారు తయారీ అంతకంటే ఎన్నో ఏళ్ల ముందే ఆగింది. కర్మాగారమే లేనప్పుడు దానికి సరఫరా అయిన ఒరిజినల్ రబ్బరు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరైనా చెప్పగలరా? కంపెనీ సరుకు అని నాకు ఇప్పటివరకు అమ్మినవాళ్లు ఇచ్చినవి రెండే రకాలు. ఒకటి, ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న పాత స్టాకు. రెండోది, కొత్తగా అచ్చువేసిన పెట్టెలో పెట్టిన లోకల్ సరుకు. రబ్బరు వాడినా వాడకపోయినా ముదురుతుంది, కాబట్టి ఇరవై ఏళ్ల కిందటి ఒరిజినల్ కప్పు (సిలిండర్‌లో ఆయిల్ లీకవకుండా ఆపే కిట్టులోని రబ్బరు) కంటే నిరుడు తయారైన లోకల్ కప్పే నయమని నా అభిప్రాయం.

సుబేదారి 1489:
పరకాల మిత్రులతో నేను ఏకీభవించలేను. బ్రేకు కప్పుకు ఆయిల్ వైపు పెదవిలాంటి పలుచని అంచు ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడే ఆ అంచును సిలిండర్ గోడకు అదిమి లీకు కాకుండా చూస్తుంది, అంటే మొత్తం బ్రేకు ఆ అంచు మీదే ఆధారపడి ఉంది. పైగా 1972 నాటి ఈ బండిలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే పైపుల వరుస. ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి అనే ఏర్పాటు లేదు కాబట్టి, ఒక్క కప్పు పోతే పెడల్ నేలకు ఆనుతుంది.

ఇది నేను అనుభవించిన విషయం. ఫాతిమానగర్ వంతెన దిగుతుండగా పెడల్ ఒక్కసారిగా కిందికి పోయింది. ఎదుట బడిపిల్లలను ఎక్కించుకున్న ఆటో ఉంది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని పక్కకు తీసి ఆపగలిగాను. తరువాత సిలిండర్ విప్పితే కప్పు అంచు మెత్తబడిపోయి ఉంది. వేలితో రుద్దితే నల్లటి మసి అంటుకుంది. కొత్త కప్పు పక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిస్తే అది ఒక మిల్లీమీటరుకు పైగా ఉబ్బి ఉంది. అది లోకల్ కిట్, వేయించి ఏడాది కూడా కాలేదు.

జనగామ టాక్సీ:
బ్రేకుల దగ్గర బేరం వద్దు అన్నా, కంపెనీదే వేయించండి.

పరకాల పద్మిని:
సుబేదారి గారికి జరిగినది ప్రమాదకరమే, అందులో వాదం లేదు. కానీ కప్పు ఉబ్బడానికి కారణం కిట్టు చవకదని కాదు. బ్రేకు రబ్బరు గ్లైకాల్‌తో తయారైన బ్రేక్ ఆయిల్‌కు సరిపడేలా తయారవుతుంది. దానికి కిరోసిన్, పెట్రోల్, ఇంజన్ ఆయిల్, గ్రీజు వీటిలో ఏది తగిలినా పీల్చుకుని ఉబ్బుతుంది. మన దగ్గర చాలా షెడ్లలో సిలిండర్‌ను కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, తడి ఆరకముందే కొత్త కప్పు ఎక్కిస్తారు. మీ సిలిండర్‌ను దేనితో కడిగారో ముందు చెప్పండి.

సుబేదారి 1489:
నా సిలిండర్‌ను బ్రేక్ ఆయిల్‌తోనే కడిగారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

కరీంనగర్ ఫియట్:
ఇద్దరూ ఒక్క కప్పు దగ్గరే ఆగిపోయారు. బండిలోని భాగాలన్నిటికీ ఒకే నియమం వర్తించదు. ఇంజన్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని చిన్న విద్యుత్ భాగం, కండెన్సర్ సంగతే చూడండి. చవకది వేస్తే పొద్దున చల్లటి ఇంజన్ మీద చక్కగా పనిచేస్తుంది, ఇంజన్ వేడెక్కగానే లోపలి ఇన్సులేషన్ విఫలమై బండి మధ్యదారిలో ఆగుతుంది, అరగంట చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. మెకానిక్ కార్బురేటర్‌ను అనుమానించి దాన్ని విప్పుతూ కూర్చుంటాడు. అందుకే నా బండిలో నడుస్తున్న పాత లూకాస్-టీవీఎస్ కండెన్సర్‌ను తీయను. అదే తలుపు పిడి అయితే లోకల్‌దైనా ప్రాణానికి ముప్పు లేదు, రెండు వానాకాలాలకు పైపూత పొక్కులు లేస్తుంది, అంతే. పాత పిడి దొరికితే దానికే మళ్లీ క్రోమ్ పూత వేయించడం మేలు.

పరకాల పద్మిని:
కండెన్సర్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయినా సుబేదారి గారు పక్కన నిలబడి చూశానన్నారు కానీ, ఆ డబ్బాలో ఉన్నది బ్రేక్ ఆయిలేనని ఎలా నిర్ధారించుకున్నారో చెప్పలేదు. నేను ఇంత పట్టుగా అడగడానికి కారణం ఉంది. కంపెనీ పేరు చూసి, చెప్పిన ధర ఇచ్చి, హైదరాబాద్‌లో ఒక దుకాణంలో కిట్లు కొన్నాను. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు. పెట్టె మీద ముద్ర ఉంది, లోపలి కప్పుల మీద మాత్రం ఏ గుర్తూ లేదు. ఆరు నెలలు తిరగకుండానే లీకు మొదలైంది. తిరిగి ఇవ్వబోతే ఆ సరుకు తమది కాదన్నారు. మూడు రెట్లు పెట్టినా అదే లీకు అయినప్పుడు, తక్కువ ధర పెట్టి తరచుగా విప్పి చూసుకోవడం తెలివైన పని కాదా?

సుబేదారి 1489:
తరచుగా విప్పి చూసుకోమని చెప్పడం తేలిక, రోడ్డు మీద ఎదుటివాళ్ల ప్రాణాలతో ఆ పరీక్ష చేయడం బాధ్యతారాహిత్యం. మీరు మోసపోయినందుకు అందరినీ లోకల్ సరుకు వైపు నెట్టడం న్యాయం కాదు. అసలు ఈ లోకల్ కిట్లు ఇంతగా నడుస్తున్నది మెకానిక్‌లు దుకాణాల దగ్గర తీసుకునే కమీషన్ వల్లనే. చవక సరుకులో వాళ్లకు మిగులుబాటు ఎక్కువ. అందుకే నేను భాగాలన్నీ స్వయంగా కొని షెడ్డుకు తీసుకెళ్తాను.

ములుగు రోడ్డు గ్యారేజీ:
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను, కమీషన్ మాట వచ్చింది కాబట్టి రాయక తప్పడం లేదు. దుకాణం వాళ్లు మాకు కొంత ఇస్తారు, నిజమే. అయితే ఆ డబ్బు దేనికి పోతుందో కూడా తెలుసుకోండి. నేను కొన్న కిట్టు లీకైతే నాలుగు చక్రాలు మళ్లీ విప్పి, గాలి తీసి, ఆయిల్ పోసి, బండి అప్పగించే దాకా కూలి నేను అడగను. మీరు కొని తెచ్చిన కిట్టు లీకైనప్పుడు కూడా మీరు నా దగ్గరికే వస్తారు, అప్పుడూ కూలి ఇవ్వరు, పైగా బిగించడం రాలేదంటారు. భాగం ఎంచుకునే అధికారం మీది, అది చెడితే మాట పడేది నేను. సుబేదారి గారు పక్కన నిలబడి చూడడంలో తప్పు లేదు, కానీ ప్రతి మెకానిక్‌నూ దొంగగా చూస్తూ నిలబడితే ఏ పనివాడికీ మనసు పెట్టి పనిచేయబుద్ధి కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. కిట్టు ధర కంటే ముందు సిలిండర్ గోడను చూడాలి. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చకపోతే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీటితో సిలిండర్ లోపల తుప్పు పట్టి సన్నటి గుంటలు పడతాయి. వేలిగోరు పెట్టి లాగితే తగులుతుంది. అలాంటి గోడ మీద బంగారం లాంటి కప్పు వేసినా అంచు కోసుకుపోతుంది. సుబేదారి గారి కప్పుకు మసి ఎందుకు అంటిందో చూడకుండా చెప్పలేను కానీ, గోడను పరీక్షించకుండా కిట్టును ఒక్కదాన్నే తప్పుపట్టడం నా పద్ధతి కాదు.

సుబేదారి 1489:
మెకానిక్ గారూ, మీరు చెప్పిన పద్ధతిలో పనిచేసే గ్యారేజీ నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. ఏ భాగం వేశారో చెప్పరు, పాత భాగం చూపించరు, పెట్టె అడిగితే పారేశామంటారు. నా అభ్యంతరం కమీషన్ మీద కాదు, అది నాకు చెప్పకుండా ధరలో కలపడం మీద. కూలి ఎక్కువ అడగండి, ఇస్తాను. ఏ సరుకు వేశారో నాకు తెలియాలి.

ములుగు రోడ్డు గ్యారేజీ:
అలా చెప్పి ఎక్కువ కూలి అడిగితే పక్క షెడ్డుకు వెళ్లేవాళ్లే ఎక్కువ. మీలాగా ఇస్తామనేవాళ్లు ఉంటే పెట్టె, బిల్లు, పాత కప్పులు అన్నీ సంచిలో కట్టి ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

హంటర్ రోడ్ పాతబండ్లు:
ఒక చిన్న మాట. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కప్పులు, గొట్టాలు మార్చడం ఆ లెక్కలోకి రాదు. అయితే ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ తిప్పడానికి వీలుండదు కాబట్టి, హన్మకొండ ప్రయాణాలు ఆపనివారికి అది పనికిరాదు.

పరకాల పద్మిని:
బిల్లు ఇచ్చి, తరువాత బాధ్యత వహించే మనిషి ఉంటే కంపెనీ సరుకు కొనడానికి నాకూ అభ్యంతరం లేదు. అలాంటి దుకాణం దొరికే వరకు నేను లోకల్ వైపే ఉంటాను. కప్పు మీద తయారీ తేదీ గానీ, గుర్తు గానీ లేకపోతే పెట్టె మీద ఎంత పెద్ద పేరున్నా కొనకండి.

కాజీపేట మార్క్2:
సలహాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కిట్లు ఇంకా కొనలేదు. ముందుగా మాస్టర్ సిలిండర్, వెనక ఎడమ చక్రం సిలిండర్ విప్పించి గోడలు చూస్తాను. గుంటలు ఉంటే వాటిని పాలిష్ చేయించడంతో సరిపెట్టకుండా స్లీవ్ (లోపల బిగించే కొత్త గొట్టపు తొడుగు) వేయించవచ్చా, లేక కొత్త సిలిండరే మేలా అన్నది మెకానిక్ గారు చెప్పాలి. ఆయిల్ మాత్రం సీలు తీయని డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ డబ్బా నేనే తెస్తాను. అది కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వరకు మరగదని, తేమ పట్టాక 140 దగ్గరే మరగవచ్చని చదివాను, అందుకే మూత తీసి మిగిలిపోయిన డబ్బా వాడనివ్వను. కిట్లు మాత్రం గ్యారేజీ వారినే కొనమంటాను, బిల్లు నా పేరున, కూలి వారు అడిగినంత.

ములుగు రోడ్డు గ్యారేజీ:
గుంటలు లోతుగా ఉంటే పాలిష్‌తో పోవు, అరగదీస్తే సిలిండర్ లోపలి రంధ్రం (బోరు) పెద్దదై కప్పు వదులవుతుంది. స్లీవ్ వేయించడమే మంచిది, లేత్ పని తెలిసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. బండి తెచ్చేటప్పుడు బ్రేకు ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టాలు కూడా చూడాలి. లోపల ఉబ్బి దారి మూసుకుంటే పెడల్ వదిలినా డ్రమ్ముకు ఆనుకునే బ్రేకు షూలు వెనక్కి రావు, డ్రమ్ము కాలిపోతుంది. గొట్టాలు మాత్రం లోకల్‌వి నేను వేయను.