కమాన్ పట్టీతో కత్తి: కొలిమిలో కాల్చాలా, కాల్చకుండానే గ్రైండ్ చేయాలా?

బొండాం_బాబు:
మాది అంబాజీపేట దగ్గర. తోటకి బొండాల కత్తి కావాలని, ఇనప సామాన్ల కొట్లో కిలోల లెక్కన పాత లారీ కమాన్ పట్టీ (బండి కింద ఉండే స్ప్రింగ్ పట్టీ) కొని కమ్మరి దగ్గరికి పట్టుకెళ్లాను. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్ల తొట్టిలో జుయ్‌మని ముంచి చేతికిచ్చేశాడు. నాలుగో రోజు ఒక్క దెబ్బకి అంచులోంచి చింతగింజంత ముక్క ఎగిరిపోయింది. మా బావేమో "కమాన్ పట్టీని కాల్చడమే తప్పు, ఫ్యాక్టరీ వాడిచ్చిన గుణం కొలిమిలో పోయింది, చల్లగానే కోసి గ్రైండ్ చేయించాల్సింది" అంటున్నాడు. నిజమేనా?

నిమ్మకాయ_మెకానిక్:
మీ బావ రైటు. ఇరవై ఏళ్లుగా కమాన్ కట్టలు విప్పుతున్నా. గ్యాస్ కటింగ్ సెగ తగిలిన పట్టీ మళ్లీ బండికి వేస్తే సరిగ్గా అక్కడే విరుగుతుంది, అందుకే వెల్డింగ్ చేసి ఇమ్మన్నా నేను ఇవ్వను. కత్తికైనా అంతే. గ్రైండింగ్‌లో అంచు నీలం తిరిగినా ఆ స్టీలు పోయినట్టే.

కొలిమి_వారసుడు:
అన్నా, నువ్వెప్పుడైనా లారీ పట్టీ చల్లగా గ్రైండ్ చేశావా? పన్నెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, దాన్ని నాలుగైదుకి దించాలంటే ఎన్ని వీల్స్ అరగాలి, కరెంటు బిల్లు ఎవరు కడతారు? పైగా వంపు ఉంటుంది, చల్లగా కొట్టి సరిచేద్దామంటే మళ్లీ యథాస్థానానికి వస్తుంది, అది స్ప్రింగ్ కదా మరి. జీపు పట్టీ అయితే సన్నం కాబట్టి సరే. మా నాన్న చేసిన కత్తులన్నీ కాల్చి చేసినవే.

రాక్‌వెల్_రావు:
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. పట్టీని ఫ్యాక్టరీలో దాదాపు 850 డిగ్రీలకు కాల్చి, నూనెలో ముంచి, తర్వాత మళ్లీ 400–500 డిగ్రీల దగ్గర కాస్తారు, అలా చేస్తే గట్టిదనం రాక్‌వెల్ సి లెక్కలో 45 అటూఇటూగా ఉంటుంది. కాబట్టి మెకానిక్ గారూ, నీలం రంగు అంటే సుమారు 300 డిగ్రీలే, అంతకంటే ఎక్కువ వేడి ఆ పట్టీ ఎప్పుడో చూసేసింది, దానికేం కాదు. గ్యాస్ కటింగ్ సంగతి వేరు, అక్కడ లోహం కరిగేదాకా వెళుతుంది.

కాల్చకుండా చేస్తే బొండాలకి సరిపోతుంది, విరగదు, కాకపోతే పదును తొందరగా పోతుంది. వంటింటి కత్తికైతే 55 పైన కావాలి, అంటే కొలిమి తప్పదు. బాబు గారి కత్తిలో తప్పు కాల్చడం కాదు, ముంచాక మళ్లీ కాయకపోవడం. నీళ్లలో ముంచి అలాగే వదిలేస్తే గాజులా ఉంటుంది. పైగా ఈ స్టీళ్లలో సిలికాన్, క్రోమియం లాంటివి కలుపుతారు, నూనెలోనే చక్కగా గట్టిపడతాయి, నీళ్లలో పగుళ్లు తీస్తాయి.

నిమ్మకాయ_మెకానిక్:
నీలం విషయంలో ఒప్పుకుంటా. కానీ స్ప్రింగ్ స్టీలు మామూలు ఇనుము కంటే సులువుగా వంగుతుంది, అంత మెత్తనిదానికి పదును ఎలా నిలుస్తుంది?

రాక్‌వెల్_రావు:
సులువుగా వంగదు! ఒకే కొలత ఉన్న మామూలు ఇనప పట్టీ, కమాన్ పట్టీ పక్కపక్కన పెట్టి ఒకే బరువు వేలాడదీయండి, రెండూ ఇంచుమించు ఒకేలా వంగుతాయి. తేడా బరువు బాగా పెంచి తీసేశాక తెలుస్తుంది, ఇనుము వంగి అలాగే ఉండిపోతుంది, కమాన్ లేచి నిలబడుతుంది.

ఊట్జ్_వీరాభిమాని:
పాతకాలంలో మన తెలంగాణ కోనసముద్రంలో చేసిన ఊట్జ్ ఉక్కు ముందు ఇవన్నీ ఎంత!

కొలిమి_వారసుడు:
తమ్ముడూ, అది మూసలో కరిగించిన ఉక్కు, కార్బన్ దీనికి రెండింతల పైనే. వేరే టాపిక్ పెట్టుకో.
బాబు గారూ, పట్టీలోంచి రెండు చిన్న ముక్కలు కోయించండి. అయస్కాంతం అంటుకోనంత వరకు కాల్చి, ఇంకొంచెం వేడి ఎక్కించి, ఒకటి నూనెలో ఒకటి నీళ్లలో ముంచి సమ్మెటతో విరగ్గొట్టండి. విరిగినచోట పంచదార పలుకుల్లా కనిపిస్తే ఎక్కువ కాల్చినట్టు, సన్నటి బూడిదరంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరి ముక్క మాత్రం వాడకండి, పాత పట్టీకి కంటికి కనపడని పగుళ్లు ఉండేది అక్కడే.

బొండాం_బాబు:
చేశాం. నీళ్ల ముక్కకి విరగ్గొట్టకముందే అంచున వెంట్రుకంత పగులు కనపడింది. నూనె ముక్క మీద ఆకురాయి జారిపోయింది, అంటే గట్టిపడినట్టే, విరిచి చూస్తే లోపల సన్నటి బూడిదరంగు. కొత్త కత్తి నూనెలోనే ముంచి, వీపు నీలం తిరిగేదాకా కాయమని దగ్గరుండి చెప్పొచ్చాను. ఇంకో సంగతి, పాత కత్తి చేయించింది రంధ్రం పక్క ముక్కతోనే, అది ఎంచి ఇచ్చింది మా బావే.