మూలకణ చికిత్సలో తిరస్కరణను ఆపవలసింది మందులా, జన్యు సవరణా?

సుధాకర్: మూలకణాల నుంచి పెంచిన, ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్ కణాలను పూర్తి మోతాదులో ఒకేసారి ఎక్కించుకున్న 12 మంది మొదటి రకం మధుమేహ రోగుల్లో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరం లేకపోయిందని 2025లో ఫలితాలు వెలువడ్డాయి. అయితే ఎక్కించిన కణాలను శరీరం తిరస్కరించకుండా వారు రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతూనే ఉండాలి. దీన్ని నయం కావడమని నేను అనలేను. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, సీఐఐటీఏ జన్యువులను పనిచేయకుండా చేసి, కణం సొంతదో పరాయిదో చెప్పే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు దానిపై కనబడకుండా చేయడమే సరైన దారి.

వాణి: అప్పుడు పరాయి గుర్తులను చూసి దాడిచేసే టీ కణాలు ఊరుకుంటాయి గానీ, రోగనిరోధక వ్యవస్థలోనే ఉన్న ఎన్‌కే కణాలు ఊరుకోవు. గుర్తులు లేని కణాన్ని చంపడమే వాటి పని.

సుధాకర్: వాటిని ఆపడానికే, దాడి చేయవద్దని సంకేతమిచ్చే సీడీ47 ప్రొటీన్‌ను ఎక్కువగా తయారయ్యేలా చేస్తున్నారు. అలా సవరించిన ఐలెట్ కణాలు ఒక రోగి ముంజేతి కండరంలో, ఏ అణచివేత మందూ లేకుండా, 12 వారాల తర్వాత కూడా ఇన్సులిన్‌ను స్రవించాయి.

వాణి: ఒక్క రోగి! పైగా అవి దాత క్లోమం నుంచి తీసినవి, మూలకణాల నుంచి పెంచినవి కావు.

కిరణ్: రోగి సొంత కణాలతోనే చేస్తే ఈ గొడవ ఉండదు కదా?

వాణి: మొదటి రకంలో శరీరం చంపింది ఇన్సులిన్ తయారుచేసే సొంత బీటా కణాలనే కదండీ.

సుధాకర్: ఒక్క రోగి అని కొట్టిపారేయకండి. మూత్రపిండం మార్చిన తర్వాత మా తమ్ముడు టాక్రోలిమస్ అనే అణచివేత మందు వాడుతున్నాడు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేంతగా చేతులు వణుకుతాయి, లేని షుగర్ వచ్చింది. అడిగితే వైద్యుడు “మామూలే” అన్నారు. మీరు సురక్షితమంటున్న దారి ఇదే.

వాణి: సురక్షితమని నేను ఎక్కడా అనలేదు. నా భయం వేరు. రోగనిరోధక వ్యవస్థకు కనబడని కణం రేపు క్యాన్సర్‌గా మారితే, దాన్ని పట్టేదెవరు? మందునైతే ఆపవచ్చు.

సుధాకర్: ముంజేతిలోని కణాలను కోసి తీయవచ్చు, అవసరమైతే కణాన్ని చంపే కాస్పేస్-9 మీటను ముందే అమర్చవచ్చు. అణచివేత మందులు వాడేవారికి మాత్రం చర్మ క్యాన్సర్, లింఫోమా ముప్పు పెరగడం లేదా?

వాణి: పెరుగుతుంది, కానీ ఎంతో దశాబ్దాల అనుభవం చెబుతోంది. షుగర్ ప్రమాదకరంగా పడిపోతున్నా గ్రహించలేని పెద్దలు తెలిసి ఒప్పుకుంటే నేను అడ్డు చెప్పను. పిల్లలకు మాత్రం ఇప్పుడే వద్దంటాను.

సుధాకర్: నేను తొందరపడుతున్నది ఆ పిల్లల కోసమే. మందుల దారి పట్టిస్తే, అందరికంటే ఎక్కువ ఏళ్లు వాటిని మింగవలసింది వారే.