యూదుల కళ, యూదుల వంట: వాటిని యూదులవిగా చేసేది ఏది?

చిత్రలేఖ:
హ్యూస్టన్‌లో 1971లో తెరిచిన ఒక ప్రార్థనామందిరం నిండా మార్క్ రోత్కో చిత్రాలే ఉన్నాయి. చిత్రకారుడు యూదుడు, మందిరం మాత్రం ఏ ఒక్క మతానిదీ కాదు. బుడాపెస్ట్‌లో 1859లో పూర్తయిన దొహాని వీధి సమాజమందిరం యూదుల ప్రార్థనాలయం, దాన్ని రూపొందించిన లుడ్విగ్ ఫోర్‌స్టర్ యూదుడు కాడు. వీటిలో దేన్ని యూదుల కళ అనాలి?

అక్షయపాత్ర:
నా మట్టుకు యూదుల ఆచారంలో దాని వాడుకే ప్రమాణం. ఈ మాటకు చిత్రాలకంటే వంట గట్టి సాక్ష్యం. మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడికించరాదన్న, బైబిల్‌లోని నిర్గమకాండపు ఆజ్ఞ నుంచి, మాంసాన్నీ పాలపదార్థాలనూ కలపరాదన్న నియమం ఏర్పడింది. అందుకే కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయేలు అనే యూదు సమాజపు ఇళ్లలో మాంసపు కూరకు కొబ్బరిపాలు పోస్తారు. కొబ్బరి ఆ తీరానిది, మసాలా ఇరుగుపొరుగుది, పాలూ పెరుగూ పక్కన పెట్టడం ఒక్కటే యూదులది. అలాగే శుక్రవారం పొద్దు గూకినప్పుడు మొదలై శనివారమంతా సాగే విశ్రాంతి దినమైన సబ్బాతునాడు నిప్పు రాజేయరాదు కనుక, శుక్రవారం పొద్దు గూకకముందే పొయ్యి మీద పెట్టి రాత్రంతా సన్నని సెగన మగ్గనిచ్చే వంటకం పోలెండులో చోలెంట్, మొరాకోలో దఫీనా అయింది. రెండింటి రుచులు వేరు, మగ్గనివ్వడానికి కారణం ఒక్కటే. ఆ బెనె ఇజ్రాయేలు వారిని చుట్టుపక్కల వారు శన్వార్ తేలీలు, అంటే శనివారం గానుగ ఆపే తెలికలవారు, అని పిలిచేవారు. ఒక జనానికి ఆగిన గానుగ వల్ల పేరు రావడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

కుంచె:
అక్షయపాత్ర గారి వాదం వంటకు సరిపోతుంది గాని, కళకు సరిపోదు. యూదు చిత్రకారుడు షగాల్ 1938లో గీసిన 'తెల్లని సిలువ' చిత్రాన్ని ఏ ఆచారంలోనూ వాడరు. అందులో సిలువ మీది యేసు నడుముకు యూదుల ప్రార్థనా శాలువా చుట్టి ఉంటుంది, చుట్టూ తగలబడుతున్న సమాజమందిరం, పారిపోతున్న జనం కనిపిస్తారు. జర్మనీలో యూదుల మీద దాడులు ముదిరిన ఆ యేడు, మీరు హింసిస్తున్నది మీరు కొలిచేవాని సొంత జనాన్నే అని ఆ శాలువా క్రైస్తవులతో చెబుతోందని నేను అర్థం చేసుకున్నాను. వాడుకను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఇంతటి చిత్రం చేజారిపోతుంది. విగ్రహ నిషేధం వల్ల యూదులకు చిత్రకళే లేదన్న పాత మాటను కూడా ఎవరూ ముందుకు తేకుండా ఒకటి చెప్పాలి: సిరియాలోని దూరా యూరోపోస్‌లో క్రీ.శ. 244-245 నాటి సమాజమందిరపు గోడల మీద మోషే, యెహెజ్కేలు కథలు రంగుల్లో ఉన్నాయి.

అక్షయపాత్ర:
షగాల్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను, నా ప్రమాణాన్ని కొంత సడలించాలి. అయినా ఆ శాలువా ప్రార్థనలో భుజాన కప్పుకొనేదే కదా. ఆ వాడుక తెలియనివారికి చిత్రం సగమే అర్థమవుతుంది. రోత్కో మందిరాన్ని మాత్రం, ఎంత గౌరవమున్నా, పుట్టుక ఒక్కటే చూసి ఈ లెక్కలో చేర్చలేను.

ఈ ప్రశ్న మనకు దూరానిది కాదు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయీము కుటుంబాలు యూదు ధర్మాన్ని పాటిస్తున్నాయి. వారు నిజంగా యూదులా అని వంశం ఆరా తీసేవారున్నారు. నేనైతే యూదుల పస్కా పండుగకు ఆ ఇంట పులియని రొట్టె కాల్చారా అని అడుగుతాను.