కోడిని వేలాడదీసిన పిసినారి దగ్గర మన నవ్వు ఎక్కడిది?

పదమూడో క్రాస్ (మల్లేశ్వరం), ఆదివారం రాత్రి 9.40

ఈ మధ్యాహ్నం బెంగళూరులో మా మిత్రుల ఇంట్లో ఏడెనిమిది తెలుగు కుటుంబాలు కలిసి రెండు సినిమాలు చూశాం. రెండూ 1987లో వచ్చినవే. ఒకటి జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’, రెండోది సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’. భోజనాల దగ్గర మొదలైన వాదన కాఫీలు అయ్యాక కూడా తేలలేదు. అందుకే మనం మారుపేర్లతో రాసుకునే ఈ చర్చా వేదికకు తెచ్చాను.

నా వాదన ఇది. మన సినిమా, టీవీ హాస్యం మొత్తానికి ఒక్క సిద్ధాంతం చాలు. 1651లో ‘లెవయథన్’ రాసిన ఆంగ్ల తత్వవేత్త థామస్ హాబ్స్ చెప్పిన ఆధిక్య సిద్ధాంతం. ఎదుటివాడిలో ఒక లోపం కనబడుతుంది, అది మనలో లేదన్న గర్వం హఠాత్తుగా పొంగుతుంది, అదే నవ్వు. ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు వేసిన పిసినారిని చూసి నవ్వుతాం, ఎందుకంటే మనం అంత పిసినారులం కాము. వారం వారం టీవీ స్కిట్లు చూడండి. లావుగా ఉన్నవాడు, నల్లగా ఉన్నవాడు, బట్టతలవాడు, నత్తివాడు, ఆడవేషంలో మగవాడు. ఇరవై ఏళ్లుగా అవే మెట్లు, వాటి పై మెట్టు మీద మనం. మిగతా సిద్ధాంతాలన్నీ ఈ చేదు నిజానికి పూసిన చక్కెర అని నా నమ్మకం.

కాదనేవారు దయచేసి తత్వవేత్తల పేర్లతో కాకుండా ఒక్క సన్నివేశంతో కాదనండి.

రాత్రి బస్సు, ఆదివారం రాత్రి 10.25

మీరు అడిగినట్టే సన్నివేశంతో మొదలుపెడతాను. అదీ మీ సినిమాలోదే.

పిసినారి కోడిని పైనుంచి వేలాడదీస్తాడు. దాన్ని చూస్తూ ఉత్త అన్నం కోడికూర తిన్నంత ఇష్టంగా తింటాడు. ఇక్కడ అతను మనకన్నా తక్కువవాడు కావడమే నవ్వుకు కారణమైతే, మా వీధిలో పాలవాడికి రూపాయి తగ్గించి ఇచ్చే ఇంటాయన్ను చూసి కూడా నాకు నవ్వు రావాలి. రాదు, ఒళ్లు మండుతుంది. హాబ్స్‌కు జవాబుగా 1725లో తత్వవేత్త ఫ్రాన్సిస్ హచిసన్ ఇదే అడిగాడు: మనకన్నా తక్కువదాన్ని చూస్తేనే నవ్వొచ్చేటట్లయితే ఆలుచిప్పలను చూసి ఎందుకు నవ్వం?

ఆ సన్నివేశంలో జరిగింది వేరు. కోడి కనబడగానే అది కూరలోకి వెళ్తుందని మనసు ముందే పరుగు తీస్తుంది. అది వెళ్లదు. గట్టిగా కట్టుకున్న ఆశ ఒక్కసారిగా ఏమీ లేకుండా పోవడమే నవ్వు అని జర్మన్ తత్వవేత్త కాంట్ 1790లో అన్నది దీనికి సగం సరిపోతుంది. మిగతా సగం జంధ్యాలది. కూర లేదు సరే, కానీ ఆ మనిషికి తృప్తి కలిగింది! చూపే సగం భోజనం అన్న తప్పుడు సూత్రంతో మొదలుపెట్టి అతను లెక్కను తప్పు లేకుండా తేల్చాడు. అతని లెక్క తప్పి ఉంటే నాకు జాలి కలిగేది. లెక్క సరిగ్గా తేలినందుకే నవ్వాను.

పదమూడో క్రాస్, ఆదివారం రాత్రి 10.50

లెక్క సంగతి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ పిసినారి స్థానంలో రోజు కూలీ దొరకని మనిషిని కూర్చోబెట్టండి. అదే కోడి, అదే ఉత్త అన్నం, అదే తృప్తి. అసంగతం, అంటే ఆశించినదానికీ జరిగినదానికీ పొంతన లేకపోవడం, ఒక్క ఇసుమంత కూడా మారలేదు. ఎవరైనా నవ్వుతారా? గొంతు పట్టుకుపోతుంది. అంటే అసంగతం ఒక్కటే నవ్వించదు. డబ్బు ఉండీ తినని మనిషి మన దృష్టిలో దిగిపోయాడు కాబట్టే నవ్వాం. హాబ్స్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

జయనగర్ పంతులమ్మ, సోమవారం ఉదయం 6.15

ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు, సంస్కృతం చెప్పినదాన్ని. మీ ఇద్దరూ లండన్ నుంచీ జర్మనీ నుంచీ మనుషులను పిలిపించారు. ఈ సన్నివేశానికి అవసరమైన మాట మన ఇంట్లోనే ఉంది.

నాట్యశాస్త్రంలో భరతుడు హాస్యానికి కారణాలు వరుసగా చెప్పాడు. వికృతమైన వేషం, అలంకారం, మొండితనం, లౌల్యం, మోసం, అర్థం లేని వాగుడు, అవయవలోపం చూపించడం, దోషాలు ఎత్తి చూపడం. ఇందులో లౌల్యం అంటే అణచుకోలేని ఆశ. పిసినారిది లౌల్యం, కూలీది ఆకలి. పదమూడో క్రాస్ గారు అడిగిన తేడా ఇదే. నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు ఇంకా ముందుకు వెళ్లి, ఏ భావమైనా ఔచిత్యం తప్పితే అది హాస్యానికి కారణమవుతుందన్నాడు. ఆకలిగొన్నవాడు ఆశగా చూడటంలో అనౌచిత్యం లేదు, కాబట్టి నవ్వు లేదు. ధనవంతుడు చూపులతో కడుపు నింపుకోవడంలో అనౌచిత్యం ఉంది. ఇక్కడ కావలసింది ఔచిత్యం తెలిసిన మనసు. అతని కన్నా ఎత్తున నిలబడవలసిన పని ప్రేక్షకుడికి లేదు.

మనవాళ్లు చెప్పారు కాబట్టి అంతా పవిత్రమే అని మాత్రం అనను. అవయవలోపం కూడా ఆ జాబితాలో ఉంది. టీవీ స్కిట్లవారు దాన్ని కొత్తగా కనిపెట్టలేదు. అయితే భరతుడే నవ్వును ఆరు రకాలు చేశాడు. పళ్లు కనబడని స్మితం, కొద్దిగా కనబడే హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. కళ్లలో నీళ్లతో ఒళ్లు ఊగిపోయే అపహసితం, అతిహసితం అధములవి. ఆ తరగతుల మాటలు నేటికి ఒప్పవు. కానీ నవ్వంతా ఒకే సరుకు కాదన్న గుర్తింపు మాత్రం ఆయన నుంచి తీసుకోవలసిందే. హాబ్స్ నవ్వులన్నిటినీ ఒకే గోనెసంచిలో వేశాడు.

నా సన్నివేశం ‘మాయాబజార్’ నుంచి. 1957. శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు ఉంటాడు. సావిత్రి ముఖం, సావిత్రి చీర, లోపల రాక్షసుడు. ఆ నడకకు, ఆ చూపుకు నవ్వని తెలుగు ఇల్లు లేదు. అక్కడ మనకన్నా తక్కువవారు ఎవరు? శశిరేఖా? ఘటోత్కచుడా? ఇద్దరినీ ప్రేమిస్తూనే నవ్వుతున్నాం కదా.

అదే సినిమాలో పింగళి నాగేంద్రరావు గారి ‘అసమదీయులు, తసమదీయులు’ మా మనవలకు వినిపించాను. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు. ముఖాలు చూసుకున్నారు. మనవారు అనే అర్థమున్న ‘అస్మదీయ’ అన్న మాట తెలియనివారికి రాక్షసులు దాన్ని విరిచారని ఎలా తెలుస్తుంది? మాట విరిగిన చప్పుడు వినాలంటే ముందు ఆ మాట చెవిలో ఉండాలి. నాకు ఆ రోజు బాధ కలిగింది. పిల్లల మీద కోపం కాదు. నేను నవ్వుతున్న చోటికి వాళ్లను చేర్చే దారి నా చేతిలో లేకపోయిందే అని.

రాత్రి బస్సు, సోమవారం మధ్యాహ్నం 1.30

పంతులమ్మ గారూ, మా ఆఫీసులో ఒక కన్నడ మిత్రుడికి ఆ రెండు మాటలూ వివరించాను. సంస్కృతం చదివినవాడు, వెంటనే నవ్వాడు. తెలుగు రాదు, కానీ ఆ మాట చెవిలో ఉంది. మీరన్నది నిజం.

టీవీ మాట వచ్చింది కాబట్టి హాస్య సీరియల్ ‘అమృతం’ను మరచిపోకూడదు. 2001 నుంచి 2007 వరకు జెమినిలో వచ్చింది. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో వేశారు. ముఖం మారింది, గొంతు మారింది, ఒళ్లు మారింది. నవ్వు ఆగలేదు! ఆధిక్య సిద్ధాంతం ప్రకారం లోపం మనిషి మీద అతుక్కుని ఉండాలి కదా. ఇక్కడ అది అతుక్కున్నది పథకానికి. ప్రతిసారీ అమృతరావుకు ఒక గొప్ప ఆలోచన వస్తుంది, మిత్రుడు ఆంజనేయులు వద్దంటూనే వెంట నడుస్తాడు, వ్యవహారం అద్దె కోసం కాచుకున్న అప్పాజీ దగ్గరికో మాడిపోయిన వంట దగ్గరికో చేరుతుంది. బతికున్న మనిషి మరబొమ్మలా అదే దారిలో తిరగడం హాస్యమని ఫ్రెంచ్ తత్వవేత్త బెర్గ్‌సన్ 1900లో రాశాడు. ‘అమృతం’ను అంతకన్నా బాగా వివరించే మాట నాకు కనబడలేదు.

కోలారు కోడలు, సోమవారం రాత్రి 8.05

బెర్గ్‌సన్ ఇంకో మాట కూడా రాశాడు. నవ్వాలంటే గుండెకు కాసేపు మత్తు ఇవ్వాలని. దాని గురించి నేను మాట్లాడాలి.

నా తమ్ముడికి నత్తి. వాడు హైస్కూల్లో ఉన్నప్పుడు ఒక టీవీ స్కిట్‌లో నత్తివాడి పాత్ర వచ్చింది. మరునాటి ఉదయం తరగతిలో వాడు హాజరు చెప్పేలోపు నలుగురు ఆ పాత్రలా చెప్పారు. ఆ ఏడాది వాడు హాలులో కూర్చుని టీవీ చూడలేదు. కాబట్టి పదమూడో క్రాస్ గారు స్కిట్ల గురించి అన్నది అక్షరాలా నిజం. అక్కడ హాబ్స్‌ను కాదనడానికి నాకు నోరు రాదు.

కానీ ఒక సంగతి గమనించండి. ఆ స్కిట్లలో జోకు పూర్తికాకముందే తెర న్యాయనిర్ణేతల వైపు తిరుగుతుంది. వాళ్లు కుర్చీల్లో వెనక్కి పడి నవ్వుతుంటారు. మన గుండెకు మత్తు ఇచ్చేది ఆ దృశ్యం. నత్తివాడి ముఖాన్ని ఇంకో మూడు క్షణాలు చూపించి ఉంటే మా ఇంట్లో ఎవరూ నవ్వేవారు కాదు. కాబట్టి ఆధిక్యం నవ్వు స్వభావం కాదు, తీసేవారు ఎంచుకుని తయారుచేసే వంటకం అంటాను. వేరే వంట కూడా సాధ్యమే. మెక్‌గ్రా, వారెన్ అనే పరిశోధకులు 2010లో ఒక సూత్రం ప్రతిపాదించారు. ఒక కట్టుబాటు తెగాలి, అదే సమయంలో అది ప్రమాదం లేనిదిగా అనిపించాలి. నా ప్రశ్న ఒక్కటే. ప్రమాదం లేనిది ఎవరికి? మా హాలులో కూర్చున్న తొమ్మిదిమందికి లేదు. పదో మనిషికి ఉంది.

‘పుష్పక విమానం’ మా తమ్ముడు లెక్కలేనన్నిసార్లు చూశాడు. ఆ సినిమాలో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు.

పదమూడో క్రాస్, సోమవారం రాత్రి 10.10

కోలారు కోడలు గారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. స్కిట్ల విషయంలో నేను గెలిచానని మీరు ఒప్పుకున్నారు కానీ ఈ గెలుపు నాకు రుచించడం లేదు.

అయినా హాబ్స్‌ను పూర్తిగా వదలను. ఎదుటివారి బలహీనతతో పోల్చుకున్నప్పుడే కాదు, ఒకప్పటి మన బలహీనతతో పోల్చుకున్నప్పుడు కూడా ఆ గర్వం పుడుతుందని ఆయన వేరే చోట రాశాడు. ‘పుష్పక విమానం’ సన్నివేశం చూడండి. ఈ బెంగళూరులోనే తీసిన సినిమా. సినిమా హాలు పక్కన ఇరుకు గదిలో, రాత్రంతా వినబడే పోరాటాల చప్పుళ్ల మధ్య నిద్రపోవడం అలవాటైన నిరుద్యోగి. పెద్ద హోటలు గది దక్కుతుంది. మెత్తటి పరుపు, నిశ్శబ్దం. నిద్ర పట్టదు! పాత గదికి వెళ్లి ఆ చప్పుళ్లు టేపులో నింపుకొస్తాడు, అవి మోగించుకుని నిద్రపోతాడు.

నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో రైలు పట్టాల పక్కన పీజీలో మూడేళ్లు ఉన్నాను. పెళ్లయ్యాక మంచి ఇంటికి మారితే రెండు వారాలు నిద్ర లేదు. తెల్లవారుజామున రైలు వెళ్లకపోతే మెలకువ వచ్చేది. నిన్న ఆ సన్నివేశంలో అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఒకప్పటి నన్ను చూసి.

జయనగర్ పంతులమ్మ, మంగళవారం ఉదయం 6.00

సరే. ఆ నవ్వులో గర్వం ఎంత ఉంది? నిజం చెప్పండి.

పదమూడో క్రాస్, మంగళవారం ఉదయం 7.20

వెతికాను. దొరకలేదు. ఆ టేపు మోగగానే మా ఆవిడ నా వైపు తిరిగింది, ఇద్దరం ఒకేసారి నవ్వాం. అది ఒకప్పటి నన్ను కిందికి నెట్టిన నవ్వు కాదు. అతన్ని మళ్లీ చూసినందుకు కలిగిన సంతోషంలా ఉంది. హాబ్స్ పుస్తకంలో దానికి చోటు లేదు.

కోలారు కోడలు, మంగళవారం రాత్రి 9.15

తమ్ముడికి ఈ చర్చ చదివి వినిపించాను. నాతో ఒప్పుకోలేదు. తన మాటలుగా ఇది రాయమన్నాడు:

“అక్క రాసినదాని వల్ల నత్తి మీద హాస్యమే వద్దని అనుకోకండి. నేను ఫోనులో సరుకులు చెబుతూ ‘మె’ దగ్గర ఆగిపోయాననుకోండి. అవతలి వ్యక్తికి ఓపిక ఉండదు. మెజెస్టిక్కా? మెడికల్ షాపా? మెట్రో దగ్గరికి తేవాలా? ఊరంతా తిరిగొస్తాడు. నాకు కావలసింది మెంతికూర. ఫోను పెట్టేసి నేను చాలాసేపు నవ్వుకుంటాను. అక్కడ నవ్వించేది నా నోరు కాదు, అవతలివాడి తొందర. పిసినారి లెక్కలాగే వాడి లెక్క కూడా ప్రతిసారీ శుభ్రంగా తేలుతుంది, వేరే ఊళ్లో. ఈ సన్నివేశాన్ని నా వైపు నుంచి ఎవరైనా తీశారా? మీలో ఎవరైనా చూసి ఉంటే పేరు చెప్పండి.”